మూడుసార్లు ఫోన్ చేయనైనది

పొద్దున లేచి ఫోన్ తీస్తే పాత ఆఫీసు గ్రూపు నిండ చేతులు జోడిచ్చిన బొమ్మలే. ఎవరికి ఏమైందో ఒక్కరు రాయలే. పైకి జరుపుకుంట జరుపుకుంట పోతే అప్పుడు దొరికింది అసలు ముచ్చట. మా సూపరింటెండెంట్ సారు తెల్లవారంగ గుండె ఆగి పోయిండు. మధ్యాహ్నం మూడు గంటలకు లింగాల ఘనపూర్ల దహనం. కింద ఒకాయన "మంచి మనిషి" అని పెట్టిండు. సారు నౌకర్ల ఉన్నన్ని రోజులు "ఈ ముసలోనికి వేరే పని లేదా" అని పండ్లు కొరికింది గీయననే. నాకు తిక్క లేసింది. ఫోన్ మంచం మీద పారేసిన.

నేను ఇప్పుడు భూపాలపల్లిల పనిచేస్తున్న. జనగామ పోవాలంటే పరకాల, హన్మకొండ మీదికెల్లి బస్సులు మారుకుంట పోవాలె. సీటు దొరికింది గని కూసోబుద్ధి కాలే. లేచి నిలబడ్తె కండక్టరు "సీటుంది గదమ్మా, కూసో" అన్నడు. కూసున్న. మళ్ల లేచిన. ఒక్క సావు ఇంటికి పోవుడే అయితే ఇంత పరేషాన్ ఉండకపోవు. మధ్యల జనగామల మా పాత ఆఫీసు కాడ దిగి రజితను ఎంటవెట్టుకొని పోవాలె. రజిత అక్కడ రికార్డు రూముల పనిచేస్తది. ఆమె రానంటదని నాకు ఎర్కే. ఎందుకు రానంటదో గూడ ఎర్కే. దాని ఎనక అసలు సంగతి తెలిసినోళ్లం లోకం మీద ఇద్దరమే ఉంటిమి, అండ్ల ఒకలు పొద్దున పోయిండ్రు.

సారుకు కూసునుడు చేతగాకపోయేది. కుర్చీ మీద తువ్వాల ఉండేది, మనిషి ఉండకపోయేది. ఫైలు చేతుల పట్టుకొని టేబుళ్ల నడుమ తిరుక్కుంట సదివేది. పోతపోత ఒక్కొక్క టేబుల్ మీద ఏలి ఎముకతోని టక్కున కొట్టేది, తలుపు కొట్టినట్టు. మనం తలకాయ ఎత్తేసరికి ఇంకో టేబుల్ కాడ ఉండేది. చాయ్ సగం తాగి ఎక్కడపడ్తె అక్కడ పెట్టేది. కిటికీల ఒక గిలాస, బీరువా మీద ఒకటి, ఒకసారైతే జిరాక్స్ మిషన్ మీదనే పెట్టి పోయిండు. సాయంత్రం అటెండరు ఆఫీసంత తిరిగి, "సారు గుడ్లు పెట్టి పోయిండు, ఏరుకొస్త" అంటుండె.

"జర కూసోరాదు సార్, మాకే కాళ్లు గుంజుతున్నయి" అన్న ఒకనాడు.

"నా పని కుర్చీల లేదు బిడ్డా" అన్నడు నడుసుకుంటనే.

ఆయన పనేందో చెప్త. ఏ పోస్టు ఎవరిది, కొలువులల్ల ఆడోళ్లు ఎంతమంది, ఎస్టీలు ఎంతమంది, కండ్లు కనపడనోళ్లను, చెవులు వినపడనోళ్లను తీసుకున్నరా, మెట్ల పక్కన ర్యాంపు ఉన్నదా, ఆడోళ్లు ఫిర్యాదు చేసుకునెటందుకు కమిటీ ఉన్నదా, ఆడోళ్లకు బాత్రూం ఉన్నదా అని సర్కారుకెల్లి కాయిదాలు వస్తనే ఉంటయి. ఏ ఆఫీసులనైన జవాబు ఒక్కటే. ఉన్నది, ఉన్నది, ఉన్నది. టిక్కులు కొట్టి పంపుతరు. సారు ఒక్కడే టిక్కు కొట్టేముందు లేచి పోయి సూసి వచ్చేది.

ఒకసారి దవాఖానకెల్లి చక్రాల కుర్చీ అడుక్కొచ్చి, అండ్ల అటెండరును కూసోవెట్టి, నన్ను తొయ్యమన్నడు. మా ఆఫీసుకు కొత్తగ ర్యాంపు కట్టిన్రు. పసుపు రంగేసి ఫోటోలు గూడ తీసి పంపిన్రు. నేను ఎగపోసుకుంట పైదాక తోసిన. పైన జానెడు ఎత్తు గడప. కుర్చీ అక్కడనే ఆగింది, అటెండరు ముందుకు బొక్కబోర్ల పడబోయిండు. సారు పోయి ఆఫీసుకంత పెద్ద, మా పెద్దసారును పిల్సుకొచ్చిండు. "సార్, ర్యాంపు ఉన్నది. లోపలికి పోవుడు లేదు" అన్నడు. అందరం నోట్లె కొంగులు, రుమాలలు కుక్కుకున్నం. పెద్దసారుకు నవ్వు రాలే. గడప మాత్రం వారం దినాలల్ల కొట్టేసిన్రు.

ఇంకోసారి ఆడోళ్ల ఫిర్యాదుల కమిటీ బోర్డు. గోడకు పెద్దగ కొట్టి ఉండె, ఐదు పేర్లు. "అందరికి ఫోన్ జెయ్యి బిడ్డా" అన్నడు. చేసిన. ఒకామె బదిలీ అయి పోయింది, ఒకామె రిటైరయి మనమరాలిని ఆడిపిస్తున్నది. ఒకామె అయితే "నేను కమిటీల ఉన్ననా? ఎప్పటిసంది?" అని నన్నే అడిగింది. సారుకు కోపం వస్తదనుకున్న. ఆయన బోర్డు ముంగట అటు ఇటు తిరిగి, "అంటే ఇన్నేండ్లు ఎవరన్న ఏడ్సుకుంట వస్తే ఈ గోడకు చెప్పుకున్నట్టే గదా" అన్నడు. ఆ మాట నెమ్మదిగనే అన్నడు గని నాకు ఇప్పటికి ఇనపడ్తది.

అన్నిటికంటె ఎక్కువ ఆయనకు మండేది ఒక్క మాటకు. 'ఎవరు రాలేదు' అనే మాటకు. ఏదన్న పోస్టు ఎస్టీలకో, వికలాంగులకో ఉంటే, ఆఫీసుల లోపల గోడకు నోటీసు అతికిచ్చి, నెల రోజులు ఆగి, 'అర్హులైన అభ్యర్థులు ఎవరూ రాలేదు' అని రాసుడు అందరికి అలవాటు. సారు కొట్లాడేది. "వాళ్లు రాలే సరే. మనం ఎవరి కాడికి పోయినం? అది రాయి ముందు." ఆయన సంచిల అన్నం గిన్నె కాకుంట ఇంకో గిన్నె ఉండేది. అండ్ల మైదా పిండి ఉడకవెట్టిన లాయి, ఒక బ్రష్షు. ఐతారం వస్తే బండేసుకొని అంగళ్లు, బస్టాండ్లు, తండాలు తిరిగి నోటీసులు ఆయనే అతికిచ్చేది. ఆయన అంగీ చేతులు ఎప్పుడు అట్టలు గట్టి ఉంటుండె.

నా నౌకరి గూడ గట్ల అతికిచ్చిన కాయిదమే. మాది నెల్లికుదురు దిక్కు ఒక తండా. కిరాణం కొట్టు తలుపు మీద నోటీసు సూసి మా బాపు నన్ను దరఖాస్తు పెట్టమన్నడు. అది అతికిచ్చింది సారేనని చేరినంకనే తెలిసింది. ఇగ ఆయనకు నేనొక ముచ్చటైపోయిన. ఎవరొచ్చినా నా టేబుల్ కాడికి తీసుకొచ్చి, "నోటీసు బయట అతికిస్తే ఎవరొస్తరంటరు గదా, ఇగో వచ్చింది" అంటుండె. ఆయన మురిసిపోయేది. నాకు మాత్రం ఎనకనుంచి "కోటాల వచ్చినామె" అని గుసగుస ఇనపడేది. ఒకనాడు పట్టలేక అందరి ముంగటనే అన్న. "సార్, నేను మనిషిని. మీ నోటీసు బోర్డును గాను."

సారు తిరుగుడు ఆపిండు. "తప్పయింది బిడ్డా" అన్నడు. అంతే. సాకులు చెప్పలే, మొకం మాడ్చుకోలే. మళ్ల ఎన్నడు నన్ను ఎవరికి సూపియ్యలే. అంత పెద్దమనిషి నా అంత దానికి తప్పయిందనుడు నేను అప్పటిదాక ఎక్కడ సూడలే. తప్పయిందనుడు ఎంత అల్కగ అన్నడో అని ఆ రోజంత ఆశ్చర్యపడ్డ. అది అల్క గాదని నాకు తర్వాత తెలిసొచ్చింది.

ఇగ చెప్పాల్సింది ఇదే. ఇన్నేండ్లు ఎవరికి చెప్పలే.

నేను చేరి ఏడాది అయింది, ఇంకా ప్రొబేషన్ల ఉన్న. మా దగ్గర రికార్డు అసిస్టెంటు పోస్టొకటి చెవులు వినపడనోళ్లకని పెట్టిన్రు. ఒకసారి నోటిఫికేషన్ ఏస్తే ఎవరు కుదరలే. అట్లయితే రెండోసారి ఎయ్యాలె. రెండోసారి గూడ ఎవరు దొరకకపోతే వేరే వికలాంగులను సూడాలె, వాళ్లు గూడ లేరంటే ఎవరికన్న ఇచ్చుకోవచ్చు. పెద్దసారుకు ఇచ్చుకోనికి ఒక మనిషి ఉండె. ఇది రెండోసారి. వచ్చిన దరఖాస్తులల్ల అన్ని కాయిదాలు సక్కగ ఉన్నది ఒక్క పిల్లకే. కొడకండ్ల దిక్కు ఊరు. పేరు రజిత. ఫలానా తారీకు సాయంత్రం అయిదులోపల సర్టిఫికెట్లు తెచ్చి సూపియ్యమని ఆ పిల్లకు చెప్పే పని నాకు ఒప్పజెప్పిన్రు.

సారు టేబుల్ మీద సెక్షన్ల వాడే బటన్ల ఫోనొకటి ఉండె. దాంతోని చేసిన. రింగయింది, ఎత్తలే. మర్నాడు చేసిన, ఎత్తలే. మూడోనాడు గూడ చేసిన. "ఎంత పొగరు ఈ పిల్లకు, నౌకరిస్తమంటే ఫోనెత్తది" అని తిట్టుకున్న గూడ. తిట్టుకొని ఫైలుల రాసిన: 'అభ్యర్థికి మూడుసార్లు ఫోన్ చేయనైనది. స్పందన లేదు.' రాసి, కింద పొట్టి సంతకం పెట్టి, పైకి పంపిన. పెద్దసారు అప్పటికప్పుడు 'అర్హులు లేరు' అని రాసి పారేసిండు.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఆ ఫైలు సారు చేతికి వచ్చింది. తిరుక్కుంట సదువుతున్నోడు నా టేబుల్ కాడ ఆగిండు.

"బిడ్డా, ఈ పోస్టు ఎవరిది?"

"చెవులు వినపడనోళ్లది సార్."

"మరి నువ్వేం జేసినవ్?"

"ఫోన్ జేసిన సార్. మూడుసార్లు."

అన్నంక నా మాట నాకే ఇనపడ్డది. సారు ఫైలు మూసిండు. పోయి ఆయన కుర్చీల కూసున్నడు. ఏడాదిల ఆయన కూసోంగ సూసుడు నేను అదే మొదలు. తిట్టినా బాగుండు. నేను తండాకెల్లి వచ్చినదాన్ని, మా లంబాడి బోలి తప్ప వేరే మాట రాని మా అవ్వను దవాఖానల "ఏయ్, చెప్తే ఇనపడదా" అని కసురుకుంటే ఏడ్సినదాన్ని. గసొంటి నేను చెవులు వినపడని పిల్లకు ఫోన్ జేసి, ఎత్తలేదని రాసిన. రోజంత రూల్సు పట్టుకొని ఉంటం, మతి మాత్రం ఇంట్ల పెట్టి వస్తం.

సారు రెండు నిమిషాలకే లేచిండు. "నడువు" అన్నడు.

బండి మీద కొడకండ్ల దిక్కు ఉరికినం. రజిత గడపల కూసొని జాకెట్లకు హుక్కులు కుడుతున్నది. మమ్ముల సూసి లేచి నిలబడి మా పెదవుల దిక్కు సూసింది. అప్పుడే కూలి ఒడ్సుకొచ్చిన వాళ్ల అవ్వ లోపలికెల్లి వచ్చింది. సారు సంగతి చెప్తె ఆ తల్లి నెత్తి కొట్టుకున్నది.

"ఫోన్ మోగుతె దానికేం ఎర్క సారూ! మెసేజులు కొడ్తది గాని. నేనెత్తుదునంటే పొద్దుగాలనే కూలికి పోతి. ఎవలా ఫోన్ జేసిన తెలివిగల్లోళ్లు?"

నేను చెప్దామని నోరు తెరిసిన. రాలే. సారు నా దిక్కు సూడకుంటనే, "మా ఆఫీసోళ్లమే అవ్వా" అన్నడు.

రజిత ఫోన్ తెచ్చి సూపిచ్చింది. మూడు మిస్‌డ్ కాల్స్. దాని కింద ఆమె మెసేజ్ పెట్టి ఉన్నది: 'ఎవరు? నాకు వినపడదు. మెసేజ్ పెట్టండి.' మా బటన్ల ఫోనుకు వచ్చే మెసేజులు మేము ఎన్నడన్న సూసినమా? స్పందన లేదని నేను రాసిన గదా, స్పందన మా టేబుల్ మీదనే మూడు రోజులు పడి ఉన్నది. సిగ్గుతోని నేల సూసిన.

ముగ్గురం ఒక్క బండి మీదనే జనగామకు వచ్చినం, నడుమ రజిత, ఎనక నేను. అయిదుకు ఇంకా పావుగంట ఉన్నది. పెద్దసారు ఫైలు ముంగటేసుకొని, "ఒకసారి స్పందన లేదని రాసినంక ఇప్పుడు ఎట్ల తిప్పుత? తప్పు రాసినోళ్లెవరో రాతపూర్వకంగ ఒప్పుకోవాలె. ఒప్పుకున్నోళ్ల మీద యాక్షన్ ఉంటది" అన్నడు. ఎవరు ఒప్పుకోరని ఆయన ధీమా.

బయటికి వచ్చినంక సారు నన్ను పక్కకు పిలిసిండు. "రాస్తవా బిడ్డా?" అన్నడు. బలిమి జెయ్యలే, ఉత్తగనే అడిగిండు. గడియారం సూసిండు, మళ్ల నా మొకం సూసిండు. నాకు నౌకరి పోయి తండాకు పోయినట్టు, "కోటాల వచ్చినామె గదా, గింతే" అని అందరు నవ్వినట్టు కండ్ల ముంగట ఆడింది. పెన్ను తీసుకోలే. అయిదుకు అయిదు నిమిషాలు ఉండంగ సారే కాయిదం గోడకు ఆనిచ్చి నిలబడే రాసిండు: 'సదరు ఫోన్లు నేనే చేసితిని. నోటు అసిస్టెంటుతో నేనే రాయించితిని. ఇది పూర్తిగా నా పొరపాటు.' ప్రమోషన్ లిస్టుల ఆయన పేరున్న నెల అది. మెమో వచ్చింది, పేరు పోయింది. సూపరింటెండెంటుగనే రిటైరయిండు. రజితకు నౌకరి వచ్చింది.

ఇక్కడికి అయిపోతే నేను ఎట్లనో బతికిపోదును. రజితకు ఇచ్చింది రికార్డు రూము. ఫైళ్లన్ని ఆమె చేతుల కిందనే. చేరిన కొన్నాళ్లకు ఆమె ఫైలు ఆమెకే దొరికింది, సారు రాసిన ఒప్పుకోలు సదివింది. తప్పు బయటపడ్తదనే తనను తోలుకపోయిండనుకున్నది. అప్పటిసంది సారుతోని ముచ్చట బంద్. అందరికి ఫైలు చేతికిచ్చేది, ఆయనకు టేబుల్ మీద ధన్‌మని పడేసేది. ఆయన ఎదురొస్తె మొకం తిప్పుకునేది. ఆమెతోని మాట్లాడాలని సారు సైగలు నేర్సుకున్నడు, ఆ వయసుల, ఫోన్ల వీడియోలు సూసుకుంట, తిరుక్కుంట, గాలిల ఏళ్లు ఆడిచ్చుకుంట. 'తిన్నవా' అని సైగ జేస్తే ఆమె గోడ దిక్కు సూసేది. నాతోని మాత్రం మంచిగుండేది. నన్ను అక్క అనేది. నేను ఆమె తెచ్చిన పచ్చడి తింటి, సారు మొకం సూస్తి, ఊకుంటి.

ఆయన రిటైర్మెంటు నాడు శాలువలు, దండలు అన్ని అయినయి. రజిత సెలవు పెట్టింది. సారు కుర్చీలన్ని ఒకసారి చూసి నా పక్కకు వచ్చి, "ఆ పిల్ల రాలేదా?" అన్నడు. "లేదు సార్" అన్న. "నేను చెప్పేస్త సార్" అనాల్నా వద్దా అని నాలుక మీద ఆడుతనే ఉన్నది. ఆయన ఒక్క క్షణం నిలబడిండు, నేను ఏమన్న అంటనేమో అన్నట్టు. నేను అనలే. ఆయన అడగలే. మళ్ల తిరుగుడు మొదలువెట్టిండు.

నాకు ఆయన మీద గూడ కోపమే. ఉన్నమాట చెప్తున్న. ఒక్కసారి గట్టిగ కసిరి "చెప్పు" అంటే చెప్పకపోదునా! ఊకె మంచోడు అయి కూసుంటే పక్కనోళ్లు ఎట్ల బతకాలె సార్? బస్సు పరకాల దాటింది, హన్మకొండ దాటింది, ఆయనతోని నా కొట్లాట ఒడవలే.

పదకొండున్నరకు జనగామ ఆఫీసుల దిగిన. రజిత రికార్డు రూముల నిచ్చెన మీద ఉండి కట్టలు సదురుతున్నది. నన్ను సూసి దిగింది, నవ్వింది. నేను ఫోన్ల కొట్టి ఆమెకు సూపిచ్చిన: 'సారు పోయిండు. పోదాం రా.'

ఆమె నవ్వు ఆపి నా ఫోన్లనే కొట్టింది. 'గ్రూపుల సూసిన. నేను రాను. నా నౌకరి పోగొట్టబోయినోని కాడికి ఎందుకు వస్త?'

నిలబడే కొట్టిన. ఏళ్లు తప్పులు పడ్డయి, కొట్టేసి మళ్ల కొట్టిన. 'ఫోన్ జేసింది సారు గాదు. నేను. స్పందన లేదని రాసింది నేనే. నా ప్రొబేషన్ పోతదని ఆయన మీదేసుకున్నడు. నిన్ను తోలుకరానికి నడువు అన్నది ఆయనే.'

సదివింది. మళ్ల సదివింది. నా మొకం దిక్కు సూడలే. ఒక్క లైను కొట్టింది.

'నేను ఎందుకు మాట్లాడ్తలేనో సారుకు ఎర్కనా?'

'ఎర్కే' అని కొట్టిన.

అప్పుడు కొట్టింది నన్ను. చెంప మీద గాదు, భుజం మీద, పిడికిలి బిగవట్టి, మళ్ల మళ్ల. ఆమె గొంతులకెల్లి ఒక సప్పుడు వచ్చింది, ఇన్నేండ్లల్ల ఎన్నడు ఇనని సప్పుడు. పక్క రూములోళ్లు ఉరికొచ్చిన్రు. నేను చెయ్యి అడ్డం పెట్టలే. ఆపి, పైటతోని మొకం తుడ్సుకొని, చెప్పులేసుకొని బయటికి నడిసింది. ఆమె ఎనక నేను ఉరికిన.

ఆటోల ఎక్కినంక నా దిక్కు జరిగి కూసోలే. లింగాల ఘనపూర్ల సారు ఇంటి ముంగట టెంటు కనపడ్తున్నది, డప్పులు ఇనపడ్తున్నయి, ఆఫీసోళ్లంత తెల్లంగీలేసుకొని నిలబడ్డరు, పెద్దసారు గూడ వచ్చి ఉన్నడు. దిగబోతుంటే రజిత నా రెక్క పట్టి ఆపి, ఆమె ఫోన్ నా కండ్ల ముంగట పెట్టింది.

'అందరి ముంగట చెప్పు. రాసి కాదు, నోటితోని చెప్పు. నేను నీ పెదవులు సూస్త.'